మంటొస్తే నన్ను కిందకి ఎవరు దించుతారు అన్నా?

ముందు చెల్లెమ్మ రాసిన ఉత్తరం, కాస్త కుదించి:

"అన్నా, నాకు 34 ఏళ్ళు. ఆరేళ్ళ కింద యాక్సిడెంట్‌లో వెన్నెముక దెబ్బతిని ఛాతీ కింద నుంచి స్పర్శ పోయింది, పవర్ వీల్‌చైర్‌లోనే ఉంటా. నేనూ అమ్మా నాలుగో అంతస్తులో ఉంటాం. అమ్మకి వినికిడి బాగా తక్కువ, రాత్రి చెవి మిషన్ తీసేసి పడుకుంటుంది. మొన్న ఆఫీస్‌లో ఫైర్ డ్రిల్ పెట్టారు. అందరూ మెట్లు దిగి వెళ్ళిపోయారు, నన్ను మాత్రం 'డ్రిల్లే కదా మేడమ్, మీరు కూర్చోండి' అన్నారు. ఇరవై నిమిషాలు ఆ ఖాళీ ఫ్లోర్‌లో అలారం వింటూ ఒక్కదాన్నే కూర్చున్నా. నిజంగా మంటొస్తే కూడా ఇంతే కదా అనిపించింది. వరద, భూకంపం అన్నీ ఆలోచిస్తే భయమేసి మళ్ళీ ఆలోచించడమే మానేస్తున్నా. ఎక్కడ మొదలుపెట్టాలో చెప్పవా?"

చెల్లెమ్మా, ఆ ఇరవై నిమిషాల్లో నీకు ఎలా అనిపించి ఉంటుందో నాకు తెలుసు, నేను కూడా ఇరవై ఏళ్ళకి పైగా చక్రాల మీదే ఉన్నా, నన్ను కూడా చాలాసార్లు చాలా మర్యాదగా కూర్చోబెట్టారు. కాకపోతే ఒక మాట, ఆ డ్రిల్ ఫెయిల్ అయింది నీ వల్ల కాదు. నడవగలిగే వాళ్ళు మెట్లు దిగగలరా లేదా అని చూడ్డానికి డ్రిల్ ఎందుకు, అది అందరికీ తెలిసిందే. దిగలేని మనిషిని ఎలా దించాలి అన్నదే కదా ప్రాక్టీస్ చెయ్యాల్సింది, సరిగ్గా దాన్నే వదిలేశారు. ఐక్యరాజ్యసమితి 2006లో ఆమోదించిన వికలాంగుల హక్కుల ఒడంబడికలో 11వ అధికరణం అచ్చంగా దీని గురించే, విపత్తుల్లో వికలాంగుల రక్షణకి అవసరమైన చర్యలన్నీ తీసుకోవాలని సంతకం పెట్టిన దేశాలకి చెప్తుంది. కాబట్టి నువ్వు అడిగేది దయ కాదు. మొహమాటపడకు.

రేపే ఆఫీస్‌లో సేఫ్టీ చూసేవాళ్ళకి ఒక మెయిల్ పెట్టు. నోటిమాటగా చెప్తే "చూద్దాం మేడమ్" అని అక్కడితో ఆగిపోతుంది, రాతలో ఉంటే ఎవరో ఒకరు జవాబు చెప్పాలి. నా కోసం విడిగా ఒక ఎవాక్యుయేషన్ ప్లాన్, అంటే ఆపదలో నన్ను ఎలా బయటికి తేవాలో చెప్పే ప్లాన్ కావాలి, ఎవాక్యుయేషన్ చైర్ కావాలి, దాన్ని వాడటం వచ్చిన మనుషులు నేనుండే ఫ్లోర్‌లోనే ఉండాలి, వచ్చే డ్రిల్‌లో నన్ను నిజంగా దించాలి అని నాలుగు ముక్కలు రాయి చాలు.

ఎవాక్యుయేషన్ చైర్ అంటే చాలామందికి తెలీదు కాబట్టి చెప్తున్నా. మడత పెట్టి గోడకి తగిలించుకునే తేలికపాటి కుర్చీ అది, వెనక బెల్టులు ఉంటాయి, మెట్ల మీద ఆ బెల్టులు రాపిడితో పట్టుకుంటూ జారతాయి, అందుకే మనిషిని మొయ్యక్కర్లేదు, ట్రైనింగ్ ఉంటే వెనక ఒక్కళ్ళు పట్టుకుని నడిపించినా దిగుతుంది. న్యూయార్క్ వరల్డ్ ట్రేడ్ సెంటర్‌లో 1993లో బాంబు పేలినప్పుడు వీల్‌చైర్ వాడే ఉద్యోగి ఒకాయన్ని దించడానికి గంటలు గంటలు పట్టింది, ఆ తర్వాతే అక్కడ ఈ కుర్చీలు కొన్నారు. 2001 సెప్టెంబర్ 11న అదే మనిషిని 69వ అంతస్తు నుంచి పది మంది సహోద్యోగులు వంతులేసుకుని ఆ కుర్చీలో గంటన్నరలో దించేశారు, ఆయన బతికాడు. ఈ కథ మీ ఆఫీస్ వాళ్ళకి చెప్పు. కుర్చీ కొని స్టోర్‌రూమ్‌లో పడేసి తాళం వేసే ఆఫీసులూ ఉంటాయిలే, తాళం ఎవరి దగ్గరుందో కూడా అడుగు.

ఇంకో చిక్కుంది. ఆ కుర్చీలో కిందకి వెళ్ళాక నీ పవర్ చైర్ పైనే ఉండిపోతుంది, అప్పుడు నువ్వు రోడ్డు పక్కన ఎంతసేపు, దేని మీద కూర్చుంటావ్? ఆ కుర్చీ సీటు పల్చటి బట్ట, స్పర్శ లేని ఒంటికి అది గంటల తరబడి పనికిరాదు, పుండు పడుతుంది, పడ్డ సంగతి నీకు తెలియను కూడా తెలీదు. అందుకే నిన్ను దించేవాళ్ళలో ఒకరి డ్యూటీ నీ కుషన్ తేవడం. అచ్చంగా అదే డ్యూటీ, ఇంకేం వద్దు.

ఇప్పుడు నేను అసలు చెప్పాలనుకున్న దానికి వస్తా. ఆపదలో మనకి సాయం చేసేవాళ్ళు లేక కాదు దెబ్బ తగిలేది, వస్తారు, పాపం పరిగెత్తుకుంటూ వస్తారు, కానీ వాళ్ళకి మన ఒళ్ళు తెలీదు, మన కుర్చీ తెలీదు. నా సంగతే చెప్తా విను. ఓసారి కరెంట్ పోయి లిఫ్ట్ ఆగిపోతే నలుగురు కుర్రాళ్ళు "మేం ఉన్నాంగా అంకుల్" అని నన్ను కుర్చీతో సహా ఎత్తారు. ఇద్దరు ఆర్మ్‌రెస్ట్‌లు పట్టుకున్నారు. ఆర్మ్‌రెస్ట్ ఊడి వచ్చేలా చేసి ఉంటుందని వాళ్ళకేం తెలుసు, మూడో మెట్టు మీద అది చేతిలోకి ఊడొచ్చింది, నేను కింద పడ్డా, మోచెయ్యి విరిగింది. వాళ్ళ తప్పు కాదు. పదేళ్ళుగా ఆ బిల్డింగ్‌లో ఉంటూ ఎక్కడ పట్టుకోవాలో ఎవరికీ చెప్పని నాదే తప్పు. ఇప్పుడు నా కుర్చీ ఫ్రేమ్ మీద పట్టుకోవాల్సిన చోట్ల ఎర్ర టేప్ చుట్టి ఉంటుంది, ఊడే భాగాల మీద "ఇక్కడ పట్టుకోవద్దు" అని స్టిక్కర్. చూడ్డానికి బావుండదు, పోనీ.

పవర్ చైర్‌ని అయితే అసలు మనిషితో సహా ఎత్తనివ్వకు. వంద కిలోలు దాటేవే చాలా ఉంటాయి, ఉత్తది. పాత మాన్యువల్ వీల్‌చైర్ ఏదైనా ఉంటే దాన్ని ఇంటి తలుపు పక్కన మడత పెట్టి ఉంచు, టైర్లలో గాలి నెలకోసారి చూడు. పవర్ చైర్ చార్జింగ్ ప్రతి రాత్రీ ఫుల్ చెయ్యి కానీ చార్జర్‌ని బయటకి వెళ్ళే దారిలో పెట్టకు, బ్యాటరీయే అంటుకుంటే మీ ఇద్దరికీ ఉన్న ఒక్క దారీ మూసుకుపోతుంది.

నీ ఒంటి గురించి, ఇది జాగ్రత్తగా చదువు. ఛాతీ కింద నుంచి స్పర్శ లేదన్నావ్. వెన్నెముక గాయం టీ6 (ఛాతీ వెనక ఉండే ఆరో వెన్నుపూస) దగ్గర గానీ ఆ పైన గానీ ఉన్నవాళ్ళకి ఆటోనమిక్ డిస్‌రిఫ్లెక్సియా అని ఒక ప్రమాదం ఉంటుంది, నీ డాక్టర్ చెప్పే ఉంటారు, లేకపోతే నీ గాయం ఏ లెవెల్లో ఉందో ఈ వారమే కనుక్కో. యూరిన్ బ్యాగ్ ట్యూబ్ మెలిపడినా, బ్లాడర్ నిండినా, కాలి కింద ఏదైనా గుచ్చుకున్నా బీపీ ఒక్కసారిగా పైకి లేస్తుంది, తల పగిలిపోయే నొప్పి, మొహం ఎర్రబడి చెమటలు. మనిషిని మోసుకుని దించేటప్పుడు ట్యూబ్ మెలిపడటం ఎంత తేలికో ఆలోచించు. రక్షించే వాళ్ళు ఏం చేస్తారంటే, అలవాటుగా పడుకోబెట్టేస్తారు. పడుకోబెట్టకూడదు. నిటారుగా కూర్చోబెట్టాలి, బిగుతు బట్టలు వదులు చెయ్యాలి, ట్యూబ్ చూడాలి, బ్లాడర్ ఖాళీ చెయ్యాలి, అప్పటికీ తగ్గకపోతే వెంటనే హాస్పిటల్. ఇంకోటి, మనలాంటి వాళ్ళకి మామూలు బీపీయే 90, 100 దగ్గర ఉంటుంది చాలామందికి, అలాంటప్పుడు మిషన్‌లో 140 చూసి "పెద్దగా ఏం లేదులే" అని వదిలేస్తారు, నీకు అది ఎమర్జెన్సీ. కాబట్టి నీ మామూలు బీపీ ఎంతో కార్డు మీద రాసి ఉండాలి.

ఆ కార్డు సంగతే మొదలుపెట్టమంటా నేను. అరచేతిలో పట్టే అట్టముక్క. పేరు, గాయం లెవెల్, మామూలు బీపీ, ఇందాక చెప్పిన లక్షణాలు కనిపిస్తే ఏం చెయ్యాలి, మందులు ఏ టైమ్‌కి ఎంత, ఎలర్జీలు, నన్ను ఎలా ఎత్తాలి, ఇద్దరి ఫోన్ నంబర్లు, అందులో ఒకటి వేరే ఊళ్ళో ఉండేవాళ్ళది అయితే మంచిది ఎందుకంటే వరదలో మీ ఊరి ఫోన్లన్నీ ఒకేసారి పోతాయి. లామినేషన్ చేయించి ఒకటి కుర్చీకి, ఒకటి బ్యాగ్‌లో, ఒకటి అమ్మ దగ్గర. అదే ఫోన్ లాక్ స్క్రీన్ మీద మెడికల్ ఇన్ఫర్మేషన్‌లో కూడా ఎక్కించు. కండరాలు బిగుసుకోకుండా ఇచ్చే బాక్లోఫెన్ వాడుతుంటే పెద్ద అక్షరాలతో రాయి, అది ఉన్నట్టుండి ఆపేస్తే ఒళ్ళు బిగుసుకుపోవడం, భ్రమలు, ఫిట్స్ దాకా వెళ్తుంది, "రెండ్రోజులు మందు లేకపోతే ఏమైందిలే" అనుకునే రకం మందు కాదది. ఫిట్స్ మందులూ అంతే, ఉన్నట్టుండి ఆపకూడదు.

మనుషుల విషయానికొస్తే, ఇంట్లో ముగ్గురు, ఆఫీస్‌లో ముగ్గురు. ఒక్కళ్ళని నమ్ముకోకు, ఆ రోజు వాళ్ళు సెలవులో ఉంటారు, ఖచ్చితంగా ఉంటారు. కింది ఫ్లోర్ వాళ్ళనీ పక్కింటి వాళ్ళనీ ఓ సాయంత్రం పిలిచి కుర్చీ చూపించు, బ్రేకులు ఎక్కడ, మోటర్ క్లచ్ ఎలా వదిలితే చేత్తో తొయ్యొచ్చు, నిన్ను ఇద్దరు ఎలా పట్టుకోవాలి అని ఒకసారి చేయించు. మొదటిసారి అందరూ సిగ్గుపడతారు, నువ్వు కూడా. రెండోసారికి మామూలైపోతుంది. మీ ఇంటి తాళం ఒకటి వాళ్ళ దగ్గర ఉండాలి, లేకపోతే తలుపు బద్దలు కొట్టడానికే టైమంతా పోతుంది.

ఇంట్లో మంటంటే, లిఫ్ట్ మర్చిపో. పొగ లేకుండా దారి క్లియర్‌గా ఉండి మనుషులు వస్తే దించేస్తారు, లేదంటే ఏదో ఒక గదిలోకి వెళ్ళి తలుపు మూసెయ్యడం మేలు. మూసిన తలుపు మంటనీ పొగనీ చాలాసేపు ఆపుతుంది, జనం ఈ చిన్న విషయాన్ని తేలిగ్గా తీసుకుంటారు గానీ ప్రాణాలు పోయేది ఎక్కువగా పొగ వల్ల. కిటికీ ఉన్న గది ముందే ఎంచుకో, తలుపు కింద సందులో తడి బట్ట కుక్కు, ఎమర్జెన్సీ నంబర్‌కి ఫోన్ చేసి "నాలుగో అంతస్తు, ఫలానా గది, మెట్లు దిగలేను, ఇద్దరం ఉన్నాం" అని ఈ వరసలోనే చెప్పు. ఈ వాక్యం కాగితం మీద రాసి గోడకి అంటించుకో, నవ్వకు, ఆ టైమ్‌లో సొంత అడ్రస్ కూడా గుర్తురాదు. రాత్రి ఫోన్ కుర్చీ మీద కాదు, నీ చెయ్యి అందే చోట ఉండాలి, కుర్చీ కూడా మంచానికి ఆనుకుని ఉండాలి, వేరే గదిలో చార్జింగ్ పెట్టి పడుకుంటే నువ్వు మంచానికి ఖైదీవే.

అమ్మ సంగతి నువ్వు ఒక్క వాక్యంలో రాసి వదిలేశావ్ కానీ నాకు ఎక్కువ కంగారు అక్కడే. మామూలు స్మోక్ అలారం కూత 3,100 హెర్ట్జ్ చుట్టుపక్కల ఉంటుంది, సన్నటి గోల. వయసుతో చెవులు దెబ్బతింటే ముందు పోయేది ఆ సన్నటి శబ్దాలే. అంటే మిషన్ తీసేసి పడుకున్న అమ్మకి పక్కగదిలో అలారం మోగినా వినపడకపోవచ్చు. వినికిడి తక్కువ ఉన్నవాళ్ళ కోసం 520 హెర్ట్జ్ దగ్గర బొంగురుగా మోగే అలారాలు ఉన్నాయి, నిద్రపోతున్న వాళ్ళని లేపడంలో అవి చాలా మెరుగు. దానికి తోడు బెడ్ షేకర్ అని, పరుపు కింద పెడితే అలారం మోగగానే మంచాన్ని గడగడలాడించేస్తుంది. ఫ్లాష్ లైట్ వెలిగేవి కూడా ఉన్నాయి గానీ కళ్ళు మూసుకుని గాఢనిద్రలో ఉన్నవాళ్ళకి వెలుగొక్కదాన్నే నమ్ముకోకూడదు. మీ ఇంట్లో మొదటి ఖర్చు ఇదే అవ్వాలి, నీ సామాన్ల కన్నా ముందు. అమ్మ లేవకపోతే నిన్ను కుర్చీలోకి ఎక్కించేది ఎవరు?

భూకంపం గురించి పెద్దగా చెప్పేదేం లేదు. అందరికీ కింద కూర్చుని బల్ల కిందకి దూరమని చెప్తారు, మనం దూరలేం. చక్రాలకి బ్రేక్ వెయ్యి, ముందుకి వంగు, తలా మెడా చేతుల్తోనో దిండుతోనో పుస్తకంతోనో కప్పుకో, ఊగడం ఆగేదాకా అలాగే ఉండు. వంగితే నీ బ్యాలెన్స్ ఆగదంటే బెల్టు పెట్టుకుని తలని మాత్రం కప్పుకో. ఆ తర్వాత నేలంతా గాజు పెంకులుంటాయి కాబట్టి మాన్యువల్ కుర్చీ తొయ్యడానికి మందపాటి గ్లోవ్స్, పంక్చర్ కిట్ బ్యాగ్‌లో ఉండాలి.

వరద, తుఫాను వేరు, అవి చెప్పి వస్తాయి. అందరూ బయల్దేరేటప్పుడు మనమూ బయల్దేరితే ఆలస్యం అయిపోయినట్టే, మన కుర్చీ ఎక్కే బండి దొరకాలి, ఎత్తే మనిషి దొరకాలి, వాళ్ళంతా ఆ టైమ్‌కి బిజీ. కాబట్టి హెచ్చరిక రాగానే, ఊళ్ళో వాళ్ళు ఇంకా వెళ్దామా వద్దా అనుకుంటుండగానే, ఒక రోజు ముందు వెళ్ళిపో. వెళ్ళాక తుఫాను రాకపోతే నవ్వుతారు, నవ్వనీ. 2011లో జపాన్ భూకంపం, సునామీలో వికలాంగుల మరణాల రేటు మిగతా జనంతో పోలిస్తే దాదాపు రెట్టింపు. 2013లో ఐక్యరాజ్యసమితి చేసిన సర్వేలో కూడా ఎటువంటి ఇబ్బంది లేకుండా వెంటనే బయటపడగలం అన్న వికలాంగులు 20 శాతమే, సొంతంగా ప్లాన్ అంటూ లేనివాళ్ళు 71 శాతం. నిన్ను భయపెట్టడానికి కాదు, ఆలోచించడం మానేసింది నువ్వొక్కదానివే కాదని చెప్తున్నా. షెల్టర్‌కి వెళ్ళాల్సి వస్తుందేమో కాబట్టి ఎండగా ఉన్న రోజు ఒకసారి వెళ్ళి చూసిరా, ర్యాంప్ ఉందా, టాయిలెట్ తలుపులో కుర్చీ పడుతుందా, చార్జింగ్ ఉందా. చాలా చోట్ల ర్యాంప్ ఉంటుంది, టాయిలెట్ దగ్గర రెండు మెట్లుంటాయి. మీ దగ్గర అధికారులు సాయం అవసరమైన వాళ్ళ పేర్లు నమోదు చేసుకుంటుంటే నీ పేరు ఇవ్వు, అయితే పేరిచ్చాం కదా వచ్చేస్తారని కూర్చోకు.

బ్యాగ్ గురించి అందరూ పేజీలు పేజీలు రాస్తారు, నేను గబగబా చెప్పేస్తా: వారానికి సరిపడా మందులు, ప్రిస్క్రిప్షన్ కాపీ, కేథటర్లు, యూరిన్ బ్యాగ్‌లు, గ్లోవ్స్, డైపర్లు, పుండ్లకి డ్రెస్సింగ్, పవర్ బ్యాంక్, కుర్చీ చార్జర్, అమ్మ చెవి మిషన్ బ్యాటరీలు, టార్చ్, విజిల్, నీళ్ళు, దుప్పటి. దుప్పటి ఎందుకంటే స్పర్శ లేని చోట చలీ వేడీ ఒంటికి తెలీవు, ఎండలో చెమట కూడా పట్టదు, కాబట్టి నీళ్ళు చల్లుకునే స్ప్రే బాటిల్ కూడా. కుర్చీ మోడల్ నంబర్, కుషన్ సైజు ఫోటో తీసి ఫోన్‌లో ఉంచు, పోతే మళ్ళీ తెచ్చుకోడానికి. మందులు మూడు నెలలకోసారి మార్చు, లేకపోతే అవసరం పడ్డ రోజు ఎక్స్‌పైరీ అయినవి ఉంటాయి. ఫోన్ కాల్స్ కలవకపోతే మెసేజ్ పెట్టు, లైన్లు బిజీగా ఉన్నప్పుడు కూడా ఎస్సెమ్మెస్ వెళ్ళే ఛాన్స్ ఎక్కువ.

చదివే మిగతా వాళ్ళకి రెండు ముక్కలు. ఆక్సిజన్ కాన్సంట్రేటర్ (గాల్లోంచి ఆక్సిజన్ తీసి ఇచ్చే మిషన్) కరెంట్ మీద నడుస్తుంది కాబట్టి పక్కన నిండు సిలిండర్ లేకుండా ఉండొద్దు. ఇన్సులిన్ తెరవనిది ఫ్రిజ్‌లో 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి, వాడుతున్నది చాలా రకాలకి 30 డిగ్రీల లోపు దాదాపు 28 రోజులు ఆగుతుంది, మీది ఎన్ని రోజులో పెట్టె మీద చూడండి. డయాలసిస్ వాళ్ళు సెంటర్ మూతపడితే మూడు రోజులు గడిపే డైట్, ఎన్ని నీళ్ళు తాగాలి అన్నది మీ డాక్టర్‌ని ఇప్పుడే అడిగి రాసిపెట్టుకోండి, ఆ రోజు అడగలేరు. చూపు లేనివాళ్ళు రోజూ వెళ్ళే బిల్డింగ్‌లో ప్రతి దారీ నడిచి నేర్చుకోండి, మైకేల్ హింగ్సన్ అనే ఆయన 2001లో అదే వరల్డ్ ట్రేడ్ సెంటర్ 78వ అంతస్తు నుంచి తన గైడ్ డాగ్‌తో 1,463 మెట్లు దిగొచ్చాడు, ఆయన ఆ బిల్డింగ్ దారులన్నీ అంతకు ముందే కంఠస్థం చేసుకున్నాడు. ఆటిజం ఉన్న పిల్లలున్న ఇంట్లో అలారం శబ్దాన్ని ముందు చిన్నగా వినిపించి అలవాటు చెయ్యండి, చెవులకి హెడ్‌ఫోన్స్, ఇష్టమైన బొమ్మ బ్యాగ్‌లో ఉండాలి, లేకపోతే అలారం మోగగానే మంచం కింద దాక్కుంటారు.

చెల్లెమ్మా, ఇవన్నీ ఒకేసారి చెయ్యబోతే మళ్ళీ భయమేసి వదిలేస్తావ్. ఈ వారం కార్డు రాయి, ఆఫీస్‌కి మెయిల్ పెట్టు, అమ్మకి బెడ్ షేకర్ చూడు, అంతే. ఎవాక్యుయేషన్ చైర్ వచ్చాక నిన్ను ఎక్కించే ముందు ఉత్త కుర్చీతో ఓసారి, తర్వాత నీ బరువంత ఉండే వాళ్ళెవర్నైనా కూర్చోబెట్టి ఓసారి దించమను, మూడోసారి నువ్వు. సేఫ్టీ మేనేజర్‌నే కూర్చోమంటే ఇంకా మంచిది, ఆ మలుపు దగ్గర ఆయనకే తెలుస్తుంది బెల్టు ఎంత గట్టిగా పెట్టాలో. బెడ్ షేకర్ మాత్రం అమ్మకి చెప్పి టెస్ట్ చెయ్యి. మా ఇంట్లో చెప్పకుండా చేశాం, మా పిన్ని భూకంపం అనుకుని వారం రోజులు నాతో మాట్లాడలేదు.